నాన్న నోట ప్రార్థన

అమ్మా,

నువ్వు పోయాక మన మూలపేట ఇంట్లో ప్రార్థన నేనే చేస్తున్నాను. నా పాపకు ఫిట్స్ వస్తున్నాయి. డాక్టరు ఇచ్చిన మందులు వేస్తూనే, నువ్వు నేర్పినట్టు మోకరిస్తున్నాను.

ఈ మధ్యాహ్నం మళ్లీ వచ్చింది. పాప వెనక్కి వంగిపోయి కొట్టుకుంది. నాలుక తెగి నోరంతా రక్తం. పక్కకు తిప్పి పడుకోబెట్టి “ప్రభువా” అన్నాను. అప్పుడే నాన్న లోపలికొచ్చాడు. ఆ మాట అన్నందుకే ఒకనాడు నీ పన్ను రాలగొట్టాడు, నీ బైబిల్‌ని పొయ్యిలో పెట్టాడు. నాకూ దెబ్బ పడుతుందని పాప మీదకు వంగాను.

దెబ్బ గోడకు తగిలింది. పిడికిలి చిట్లింది. సముద్రంలో వల చిరిగినప్పుడు గంగమ్మను తిట్టినట్టే పైకి చూసి అరిచాడు.

“ఒరే యేసూ! సెవుడేటి నీకు? నా ఇంటిదాన్ని అట్టుకుపోనావు, ఊరుకున్నాను. ఈ గుంటని ముట్టుకున్నావంటే తెడ్డుతో నీ నడుం ఇరగ్గొడతాను, సూసుకో!”

“నాన్నా, దేవుణ్ణి అలా అనకూడదు.”

“నువ్వూరుకోయే సదువుకున్నదానా! నీ పార్దన మరీ మెత్తగున్నాది. ఆడికి ఇనబడతాదేటి?”

టెక్కలి ఆసుపత్రికి వెళ్లే ఆటోలో పాపను ఒళ్లో పెట్టుకున్నాడు. వేళ్ల నుంచి కారిన రక్తం పాప గౌనుకు అంటింది. నావైపు చూడకుండా అడిగాడు.

“పార్దన ఆకర్ని మీయమ్మ ఏదో అనీది. ఏటది?”

“ఆమెన్, నాన్నా.”

“అది అనకపోతే సేరదేటి?”

“చేరుతుంది.”

అయినా అన్నాడు. ఆసుపత్రిలో పాప కళ్లు తెరిచి “తాతా” అన్నాక కూడా, పళ్లు బిగించి, ఎవరినో కొడుతున్నట్టు అదే మాట అంటూనే ఉన్నాడమ్మా.