నలభై ఏడో లైను, రెండేళ్ల సగటు

సెప్టెంబర్ 4, గురువారం

మొక్క తెగులును తట్టుకుందా, లేక మేం పెట్టిన తెగులే పసలేనిదా? పీహెచ్‌డీ వైవాలో ఒక పెద్దాయన అడిగాడు. ఏదో చెప్పి గట్టెక్కాను. దాదాపు ఇరవై ఏళ్లయింది. కత్తెర చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ అదే ప్రశ్న.

ఈరోజు కత్తిరింపులు. బాక్టీరియా కలిపిన నీళ్లలో కత్తెర ముంచడం, వరి ఆకు కొస కత్తిరించడం, మళ్లీ ముంచడం. నలభై ఏడో లైనుకి నేనే చేశాను, ఎవరికీ ఇవ్వలేదు. పదేళ్లుగా పెంచుకొచ్చిన కొత్త బాస్మతి రకం. ఎండాకు తెగులును ఆపే జన్యువు దాన్లో ఒక్కటే. అయినా నిరుడు బ్రహ్మాండంగా నిలబడింది.

పొలం పని చేసే రామ్‌వతి పక్క వరసలోంచి, "మేడమ్ జీ, ఇస్ బార్ పానీ గాఢా హై" అంది. నీళ్లు చిక్కగా ఉన్నాయట. ఉండవా మరి. ఈసారి బాక్టీరియా కల్చర్ కొత్తది. సోనీపత్ వైపు, ధరమ్‌బీర్ అనే రైతు మడిలోంచి తెగులు ఆకులు నేనే వెళ్లి తెచ్చాను.

సెప్టెంబర్ 9

వాన. ఎదురుచూడటం తప్ప పనేం లేదు.

సెప్టెంబర్ 18

పద్నాలుగో రోజు. స్కేలు పట్టుకుని మడిలోకి దిగాను.

నలభై ఏడు పోయింది.

నిరుడు మచ్చ గోరంత. ఈసారి జానెడు, సగం ఆకు. కొస నుంచి కిందికి, ఎండుగడ్డి రంగులో... రామ్‌వతి ఒంగి చూసి "యే తో గయా" అంది, ఇది పోయిందని, బస్సు వెళ్లిపోయిందన్నంత మామూలుగా. రెండోసారి కొలిచాను. మూడోసారి. స్కేలు మీద కూడా కోపం వచ్చింది.

సెప్టెంబర్ 19

నిరుటి రిజిస్టరు తీశాను. భయపడిందే. అప్పుడు వాడింది ఫ్రిజ్‌లో ఉన్న ట్యూబు. నెలనెలా ఒక ట్యూబులోంచి ఇంకోదాన్లోకి మారుస్తూ బతికించుకొచ్చినది. అలా కూర్చోబెట్టి మేపితే బాక్టీరియా కరవడం మర్చిపోతుంది — ఎమ్మెస్సీ పిల్లలకు ఏటా నేనే చెప్తాను ఈ మాట!

తెగులు తప్పకుండా రావలసిన రకం ఒకటి పక్కనే నాటుతాం, సరిచూసుకోవడానికి. నిరుడు దానికీ సగం మచ్చే. నా అక్షరాల్లోనే రాసుంది. చూడలేదు. మంచి అంకెలు వస్తుంటే ఎవరు చూస్తారు?

నిరుడు జీపు శాంక్షన్ కాలేదు, ఆకుల కోసం వెళ్లలేదు, "పాతదే కానిద్దాం" అన్నాను. కింద సంతకం నాది. జీపు ఇవ్వని ఆఫీసును తిడుతూ అరపేజీ రాసి కొట్టేశాను. ఈసారి బస్సులోనే వెళ్లానుగా.

సెప్టెంబర్ 22

రావు గారి గది. మా హెడ్. డిసెంబరులో రిటైర్మెంట్. నలభై ఏడో లైను ఆయన ఆఖరి రకం. విడుదల కమిటీకి ఫైలు శుక్రవారం వెళ్లాలి.

"రెండేళ్లదీ సగటు తియ్యమ్మా. లిమిట్‌లోకి వచ్చేస్తుంది."

నిరుటిది లెక్కలోకి రాదు సార్, కల్చర్‌లో పస లేదు అన్నాను.

"లేదని ఎక్కడైనా రాశావా?"

రాయలేదు.

"మరి? నీ పొరపాటుకి పదేళ్ల పని నేలపాలు చెయ్యమంటావా? రైతులు అక్కడ ఏడుస్తుంటే!"

అనాల్సినవన్నీ మెట్లు దిగుతుంటే వచ్చాయి. పైగా టీ ఇప్పించాడు. తాగాను. అది మండుతోంది ఇంకా.

సెప్టెంబర్ 23

ఇంటికి, ఇందిరాపురం దాకా ట్రాఫిక్‌లో, కారు అద్దాలెత్తి, గట్టిగా తిట్టాను. ఇంటికొచ్చాక అమ్మాయి అంతా విని, "తో సైన్ మత్ కరో నా మమ్మా. సింపుల్." సంతకం పెట్టకపోతే సరి అట. సింపుల్! దాని మీదా అరిచాను. ఏం పాపం చేసిందది.

సెప్టెంబర్ 24

ధరమ్‌బీర్‌కి ఫోన్ చేశాను. ఆకులిచ్చినవాడికి ఫలితం చెప్పాలి కదా. లైను పూర్తిగా తట్టుకోలేదు భయ్యా అన్నాను.

"ఆధా బచేగా?"

సగం దక్కుతుంది, మూడు నాలుగేళ్లు అన్నాను.

"తో దే దో, మేడమ్ జీ. మేరా తో పూరా జా రహా హై." సగమైనా ఇవ్వండి, నాది మొత్తం పోతోంది, అంటాడు.

వివరించాను. ఒక్క జన్యువున్న రకం ఊరూరా వేస్తే బాక్టీరియా దాన్ని దాటడం నేర్చుకుంటుంది. మూడు జన్యువులు కలిపిన లైను రెండేళ్లలో వస్తుంది, ఆ మూడింట్లో ఇదొకటి. ఇప్పుడే అరగదీస్తే అప్పటికి పనికిరాదు. ఓపిగ్గా విన్నాడు. "దో సాల్ క్యా ఖాయేంగే?" రెండేళ్లు ఏం తినాలి — కోపం కూడా లేదు ఆ గొంతులో.

రావు గారు అన్నదీ ఇదేగా? కాదు. ఆయనకి రైతు గుర్తొచ్చింది ఫైలు కోసం... కానీ మాట ఒకటే. అదే నా ఒళ్లు మండిస్తోంది.

సెప్టెంబర్ 25

రెండు కాగితాలు టైపు చేశాను. ఒకదాన్లో సగటు. ఇంకోదాన్లో రెండేళ్ల అంకెలు విడివిడిగా, కింద: నిరుటి కల్చర్ బలహీనం, పొరపాటు నాది.

రెండోది వెళ్తే లైను ఆగుతుంది. ధరమ్‌బీర్ మళ్లీ ఆ ఎండిపోయే రకమే నాటుతాడు. మొదటిది వెళ్తే కొన్నాళ్లు సగం పంట, తర్వాత ఆ జన్యువు ఎవరికీ అక్కరకు రాదు. సగటు అబద్ధం, అందులో అనుమానం లేదు. ఆ అబద్ధం వల్ల ఒక ఇంట్లో అన్నం ఉడుకుతుందంటే మాత్రం...

రేపు పదింటికి ఫైలు అడుగుతారు. ఏ కాగితం పెట్టాలో నేనింకా తేల్చుకోలేదు.