బొర్రమామ మాట్లాడిన తెలుగు

భూపాలపల్లి,
20 సెప్టెంబరు 2011

తమ్ముడు హైదర్‌కు,

బిక్షమన్న రాస్తున్నడు. ఫోన్ చేస్తే నీ సీడీల దుకాణంల పాటల మోతకు ఒక్క ముక్క ఇనపడదు, అందుకే ఈ ఉత్తరం.

తెలంగాణ కోసం అందరం సమ్మెల ఉన్నం గదా. బొగ్గు బాయి బంద్. ఇరవై రెండేండ్ల నౌకరీల నేను ఇన్ని దినాలు ఇంటి పట్టున ఉన్నది లేదు. మీ వదిన సోమక్క వంటింట్ల, నేను ముందరింట్ల. మొన్న పప్పుల ఉప్పు ఎప్పుడు వెయ్యాల్నో ఆమెకు చెప్పిన. ఆమె చూసిన చూపుకు మళ్ల వంటింటి దిక్కు పోలేదు.

పెద్దవంగరోన్ని, మీ తొర్రూరు పక్క ఊరోన్ని అనుకొని ఒక సాయం చెయ్యి. ఏదన్న పొడుగు సీరియల్ పంపు. ఒక్కటే షరతు, సమ్మె అయిపోయేదాక అది అయిపోవద్దు. అత్తాకోడండ్ల లొల్లి వద్దు. దయ్యాలదయితే మంచిది. సోమక్క భయపడి వచ్చి నా పక్కన కూసుంటది.

ఇట్లు,
బాయి బందైన బిక్షం

తా.క.: సోమక్క దేనికీ భయపడదు. ఏదో నా ఆశ.

* * *

తొర్రూరు,
23 సెప్టెంబరు

గౌరవనీయులైన బిక్షమన్న గారికి,

నజియా సీడీ సెంటర్ యజమాని హైదర్ సలాములతో వ్రాయుచున్నాను. తమరి లేఖ అందినది. తమరి షరతుకు సరిపోవు సీరియల్ ఒకటి కలదు. జపాను బొమ్మల కథ, పేరు "ఏడు లోకాల ఖడ్గం", తెలుగు మాటలతో. మొత్తం నూట ఇరవై డిస్కులు, కంపెనీ నుండి కొన్ని కొన్నిగా వచ్చును. సమ్మె ఎంత కాలం సాగినను ఇది అంతకన్నా సాగును.

కథానాయకుడు షింటారో, చేతిలో కత్తి. భూమి అడుగు నుండి పైకి వచ్చు రాక్షసుడు బొరూమా, ముందు పెద్ద పొట్ట. మొదటి మూడు డిస్కులు రిజిస్టర్ పోస్టులో పంపుచున్నాను. బస్సులు బంద్ అయినను తపాలా నడుచుచున్నది కదా.

ఇట్లు,
తమరి విధేయుడు హైదర్

తా.క.: రెండవ డిస్కులో బొరూమా నవ్వును జాగ్రత్తగా వినగలరు. వీలైతే రెండుసార్లు వినగలరు.

* * *

భూపాలపల్లి,
29 సెప్టెంబరు

హైదర్‌కు,

తమ్ముడు అని రాయబుద్ధి అయితలేదు, కోపమొచ్చింది.

నీ డిస్కులు వచ్చినయి గని కరెంటు లేదు. ఎందుకు లేదంటే బొగ్గు లేదు. బొగ్గెందుకు లేదంటే నేను ముందరింట్ల కూసున్న. ఇగ ఎవల్ని తిడుదాం? ఆఖరికి ఊరేగింపు మైకు బ్యాటరీ తెచ్చి, వాడకట్టు అంత కూసొని చూసినం.

షింటారో మంచిగనే ఉన్నడు. మేమంత చింతారావు అంటున్నం. రేడియోల వార్తలు చదివినట్టు మాట్లాడుతడు, పోనీ. మరి ఆ బొరూమా, మా పక్కింటి గంగాబాయి పెట్టిన పేరు బొర్రమామ, వాడు నోరు తెరిచి ఏమన్నడు? "ఏంరా పోరగా, ఏడికి ఉరుకుతున్నవ్? జర ఆగు!" అన్నడు. గంగాబాయి కిందపడి నవ్వింది. మా యూనియన్ లీడర్ ధర్మేందర్ మాత్రం లేచి నిలబడ్డడు. "సినిమాలల్ల రౌడీకి మన మాటనే, పనోనికి మన మాటనే. ఇప్పుడు జపాన్ దయ్యానికి గూడ మనదేనా? జపానోనికి మనం ఏం అన్యాయం చేసినం?" అన్నడు.

నీ దుకాణం మెట్లు ఎవ్వరూ ఎక్కొద్దని తీర్మానం రాసిన్రు. సంతకాలయితే తొర్రూరు, మహబూబాబాద్, జనగామ దాక కాగితాలు పోతయి. నేను ఆపలేను.

బిక్షం

తా.క.: నువ్వు గూడ చింతారావు లెక్క రాస్తున్నవేంది? "వినగలరు" ఏందిరా? మంచిగనే ఉంటివి గదా!

ఇంకో ముచ్చట: ఆ నవ్వు ఇన్న. సోమక్క జడుసుకోలే. నేను జడుసుకున్న.

* * *

తొర్రూరు,
3 అక్టోబరు

గౌరవనీయులైన బిక్షమన్న గారికి,

తమరి లేఖ చదివి మిక్కిలి పరేషాన్ అయితిని. బొరూమా గొంతు అంత చెడ్డగా ఉన్నదా? పీలగా వినపడినదా? ఊపిరి వినపడినదా? ఆ గొంతు ఇచ్చిన మనిషి నాకు కొంచెము తెలిసినవాడే. హైదరాబాదులో నాలుగు గోడలకు దుప్పట్లు కట్టిన చిన్న గదిలో, ఫ్యాను వేస్తే చప్పుడు వచ్చునని ఫ్యాను కూడా లేక, ఎండకాలమంతా నిలబడి మాట్లాడినాడు. జలుబు చేసిన దినము కూడా పోయినాడు. లోపమేదో తెలిపినచో అతనికి చెప్పెదను.

దుకాణము సంగతి దయచేసి ఆలోచించగలరు. నా భార్య నజియా, నేను, మా అమ్మ మరియం బీ, ముగ్గురమూ దీని మీదనే బతుకుచున్నాము. నాలుగు, ఐదు డిస్కులు పంపుచున్నాను. నాలుగవది చూచువరకు సంతకములు ఆపించగలరు. తమరి కాళ్లు మొక్కుతాను.

ఇట్లు,
హైదర్

తా.క.: మా అమ్మ కూడా ఈ సీరియల్ చూచుచున్నది. షింటారో నోరు తెరిచినప్పుడల్లా నా ముఖము చూచి "ఏమో బిడ్డా, నమ్మబుద్ధి అయితలేదు" అంటున్నది.

* * *

భూపాలపల్లి,
12 అక్టోబరు

తమ్ముడు హైదర్‌కు,

తమ్ముడే! వందసార్లు తమ్ముడే!

నాలుగో డిస్కు దీక్ష టెంట్‌ల పెట్టినం. రెండొందల మంది. బొర్రమామ గుట్టెక్కి చేతులూపుకుంట ఏమన్నడు? "కింద నల్లరాళ్లు మావి. నడుములు ఇరిగేటట్టు తవ్వేది మేము. దీపాలేమో మీ ఊర్ల, చీకటేమో మా ఇండ్లల్ల! గిదేం న్యాయంరా?" అన్నడు. టెంట్ అంత లేచింది! ధర్మేందర్ కండ్లు తుడుసుకున్నడు. ఆ మాటలు బట్ట మీద రాయించి టెంట్ ముందర కట్టిండు. సోమక్క నా పక్కనే కూసున్నది, భయంతోని కాదు, రోషంతోని. ఏ లెక్కనయితేంది, కూసున్నది.

గని ఐదో డిస్కుల ఏం చేసిన్రయ్యా? చింతారావు ఆయనను నరికిండు! ఎనకనుంచి! టెంట్‌ల రెండు నిమిషాలు మౌనం పాటించినం. గంగాబాయి పొయ్యి ముట్టియ్యలేదు.

ఇప్పుడు ధర్మేందర్ కొత్త మాట అంటున్నడు. బొర్రమామకు గొంతిచ్చినాయనను నువ్వు ఎరుగుదువంటివి గదా. ఆయనను మా టెంట్‌కు తీసుకరా, శాలువ కప్పుతం. తీసుకరాకపోతే పాత తీర్మానం మీద సంతకాలు మొదలు. ఆరో డిస్కు గూడ పంపు, బొర్రమామ బతుకాలె.

నీ అన్న,
బిక్షం

తా.క.: జపాన్‌ల గూడ బొగ్గు బాయిలున్నయా? లేకపోతే ఆ రాసినాయనకు మన కడుపుల మాట ఎట్ల తెల్సింది?

* * *

తొర్రూరు,
17 అక్టోబరు

బిక్షమన్నా, సలాం.

పుస్తకాల తెలుగు ఇగ నాతోని కాదు. ఆ గొంతు నాదే.

నాలుగేండ్ల కింద హీరో గొంతు ఇస్తనని హైదరాబాద్ పోయిన. ముచ్చటగ మూడుసార్లు చదివిచ్చిన్రు. "నీ యాస పోదయ్యా, రాక్షసుడికి పెడదాం" అన్నరు. అమ్మకు మొకం చూపియ్యలేక, హీరోకే ఇచ్చిన అని అబద్ధం చెప్పిన. అప్పటిసంది యాస పోవాలని ఉత్తరాలు గూడ గట్లనే రాస్తున్న. మీరు తీర్మానం అంటే దుకాణం పోతదని సగం భయం. ఆ దయ్యం నేనేనని తెలుస్తదని మిగిలిన సగం.

మొన్న కంపెనీ నుంచి ఆరో డిస్కు వచ్చింది. బొర్రమామ బతికిండన్నా! దేవుని వరంతోని మళ్ల పుట్టిండు, మంచోడైండు, చింతారావుకు దోస్తయిండు. గొంతేమో ఎవలిదో! ఉరికిపోయి ఫోన్ చేసిన, నా గొంతు పెట్టుర్రి, నేనెప్పుడు రావాలె అని. "అక్కర్లేదు, వేరేవాళ్లతో చెప్పించేశాం. ఇప్పుడు మంచివాడయ్యాడు కదా, ఇంకా ఆ భాషెందుకు?" అన్నరు. ఫోన్ పెట్టేసి దుకాణం షటర్ దించుకొని ఏడ్చిన. సిగ్గేముంది, ఏడ్చిన.

తర్వాత లేచి, పెండ్లిండ్ల సౌండు పెట్టేటోని దగ్గర మైకు అడిగి తెచ్చిన. దుకాణంల దుప్పట్లు కట్టినం. ఆరో డిస్కుకు మొత్తం మాటలు మళ్ల మేమే చెప్పినం, నేను, నజియా. బొర్రమామ మన తెలుగుల్నే మంచోడైండు. పంపుతున్న, టెంట్‌ల పెట్టుర్రి. శాలువ కప్పుతరో, సంతకాలే పెడుతరో, అది చూసినంక మీ ఇష్టం.

ఇట్లు,
మీ బొర్రమామ

తా.క.: జపాన్‌ల బొర్రమామకు ఒక్క మాట గూడ లేదన్నా. ఊకె గుర్రుమంటడు. "నీ భాషలో ఏదో ఒకటి వాగు, జనం నవ్వాలి" అన్నరు. మా బాపు గూడ బాయిల చేసినోడే. ఆయన ఇంట్ల అనేటివే వాగిన.

ఇంకో తా.క.: చింతారావు గొంతు గూడ నేనే చెప్పిన. ఇప్పుడు ఆయన గూడ "ఏం మామా, ఎట్లున్నవ్?" అంటడు. అమ్మ చూసి, మొదటిసారి నా దిక్కు తిరిగి నవ్వింది. "ఇప్పుడు నమ్ముతున్న బిడ్డా, హీరో గొంతు నీదే" అన్నది.