నడుము తగ్గించిన ప్యాంట్లు

ప్రియమైన అక్కా,

ఫోను చేస్తే నీ కుట్టు మిషను మోతే గానీ నీ మాట వినబడదు. అందుకే ఉత్తరం. నేను రక్త క్యాన్సర్ కణాల మీద పనిచేస్తున్నానుగా, పోల్చి చూడటానికి జబ్బు లేని మనిషి రక్తం కావాలి. మా ల్యాబ్‌లో ఇలాంటప్పుడు ఇంటివాళ్ళనే బతిమాలుకుంటాం. నీ పేరు రాసిన ట్యూబు పంపుతున్నాను. మీ వీధి క్లినిక్‌లో రక్తం తీయించి పంపు.

ఎందుకంటావా? కణం గుమ్మం దగ్గరికి "ఇంకో కణాన్ని తయారుచెయ్" అని కబురొస్తుంది. లోపలి ప్రోటీన్లు దాన్ని చేతులు మార్చుకుంటూ జన్యువుల దాకా చేరుస్తాయి. అవి పని మొదలుపెడతాయి, కబురు ఆగితే ఆపేస్తాయి. ఈ క్యాన్సర్‌లో మధ్యనున్న ఒక ప్రోటీను, ఏ కబురూ రాకపోయినా, "చెయ్, చెయ్" అని అరుస్తూనే ఉంటుంది. జన్యువులు దాని మాటే నమ్ముతాయి.

బావని అడిగానని చెప్పు.

నీ చెల్లి


ప్రియమైన సైంటిస్టమ్మకి,

ట్యూబు పంపాం, అందిందా? పొద్దస్తమానం సూదితో బతికేదాన్నే గానీ, ఆ క్లినిక్ సూది చూస్తే నాకు ముచ్చెమటలు పోస్తాయని నీకు తెలుసు. ఎలాగో గండం గట్టెక్కింది. మళ్ళీ అడిగావంటే చెవి మెలిపెడతాను.

నువ్వు రాసింది మీ బావకి చదివి వినిపించాను. "అచ్చం నీలాగే! ఎవరూ అడక్కపోయినా అరుస్తూనే ఉంటుందన్నమాట" అని ఒకటే నవ్వు. ఈమధ్య సన్నబడ్డారులే. ప్యాంట్ల నడుము ఇప్పటికి రెండుసార్లు తగ్గించాను. "ఎవరి కోసమండీ ఈ నాజూకు?" అని ఏడిపిస్తున్నాను.

ప్రేమతో, అక్క


అక్కా,

కూర్చుని చదువు. ఫోనులో నీ గొంతు వింటే చెప్పలేను. నీ ట్యూబులో ఆ అరిచే ప్రోటీను ఉంది.

రోగుల ట్యూబులతో తారుమారైందనుకుని, నాతో పనిచేసే ఆవిడ మీద నోరు పారేసుకున్నాను. మిగిలిన రక్తంతో మళ్ళీ చేశాను. అదే వచ్చింది. మా మేడమ్ స్వయంగా చేశారు. అదే. జబ్బు లేని మనిషి కావాలని నిన్ను అడిగాను!

దీనికి మాత్ర ఉంది. అది ఆ ప్రోటీను నోరు మూయిస్తుంది, జన్యువులు సద్దుమణుగుతాయి. త్వరగా మొదలుపెట్టిన చాలామంది మామూలుగా బతుకుతున్నారు. ఇక్కడి డాక్టరుతో మాట్లాడాను. బావని తోడు తీసుకుని వెంటనే బయలుదేరు.

చెల్లి


చెల్లీ,

అది నా రక్తం కాదే.

క్లినిక్ దాకా వెళ్ళి, సూది చూసి వెనక్కి తిరిగాను. "నువ్వుండు, నేనిస్తాలే. రక్తం ఎవరిదైతేనేం" అని మీ బావ చొక్కా చెయ్యి పైకి మడిచారు. తెలిస్తే వెక్కిరిస్తావని ఇద్దరం నీకు చెప్పలేదు.

నీ ఉత్తరం ముందు ఆయనే చదివారు. మిషను దగ్గరికొచ్చి, "అమ్మయ్య, నీది కాదు" అన్నారు. అంతే. ఆయన మొహంలో నిజంగానే సంతోషం చూశాను చెల్లీ. నేను కుట్టు మధ్యలోనే మిషను ఆపేశాను. ఇంతవరకూ ఏడుపు కూడా రాలేదు.

సన్నబడుతున్నారని నా టేపు చెబుతూనే ఉంది కదే! నవ్వుతూ కుట్టాను, నవ్వుతూ తొడిగించాను.

ఆదివారం పొద్దున బండికి వస్తున్నాం. స్టేషనుకి రా. ఆయన ప్యాంట్లు సర్దుతున్నాను. మళ్ళీ వదులయ్యాయి. ఈసారి కుట్టు వెయ్యలేదు, బెల్టు పెట్టుకోమన్నాను. ఇదివరకు తగ్గించినప్పుడు కూడా గుడ్డ కత్తిరించలేదు, లోపలికి మడిచే కుట్టాను. మాత్ర వేసుకుంటే ఆ కుట్లు మళ్ళీ విప్పే రోజొస్తుందా? నాకు నచ్చచెప్పకు. నీకు తెలిసిన నిజమే చెప్పు.

నీ అక్క