ఎర్ర నూనె, మిక్సీ పుస్తకం

నాందేడ్,
ఆదివారం.

చిరంజీవి హన్మంతుకు,

అక్క విమలాబాయి దీవెనలు. ఇక్కడ నేను, వత్సల క్షేమం. కారు క్షేమం కాదు.

మొన్న శుక్రవారం పొద్దున ఐదింటికి లేచాను. వాకిలి ఊడ్చి, తులసి దగ్గర దీపం పెట్టాను. పాలు పొంగకముందే దించాను. నాలుగు జొన్నరొట్టెలు, వంకాయ కూర. వత్సల రెండు తిని, ఒకటి డబ్బాలో పెట్టుకుంది. రోజూ జరిగేదే. ఏడున్నరకు తాళంచెవి తీసుకుని బయటికి వెళ్లింది. నేను జపమాల తీసుకున్నాను. ఇరవై ఏడో పూస దగ్గర గేటులో కారు మూలిగింది.

వెళ్లి చూశాను. కారు గేటుకు అడ్డంగా ఆగి ఉంది. స్టీరింగు బిగుసుకుపోయింది. చిన్నప్పటి జ్వరం నుంచి మన చెల్లెలి ఎడమ చేతికి బలం లేదని నీకు చెప్పనక్కరలేదు. కుడి చేత్తోనే ఒళ్లంతా వేసి తిప్పింది. తిరగలేదు. దిగి మెట్టు మీద కూర్చుంది. తర్వాత రెండు ఆటోలు మారి బడికి పోయింది. పదిహేడేళ్ల ఉద్యోగంలో మొదటిసారి, పిల్లల ప్రార్థన అయిపోయాక తరగతిలో అడుగుపెట్టిందట.

దసరా తర్వాత కారును వారం రోజులు భోకర్‌లో ఉంచుకున్నది నువ్వు. బానెట్ కింద, స్టీరింగు తేలిగ్గా తిరగడానికి ఉన్న నూనె డబ్బాలో ఏం పోశావు?

ఫోను చేయకు. ఫోనులో నువ్వు అరుస్తావు. కాగితం మీద ఎవరూ అరవలేరు. భోకర్ బస్సు కండక్టరు సూర్యకాంత్ చేతికి జవాబు ఇవ్వు.

ఇట్లు,
అక్క.

తా.క.: మామిడికాయ తొక్కు పంపుతున్నాను. సీసా తిరిగి రావాలి.

*

భోకర్,
సోమవారం.

అక్కకు హన్మంతు నమస్కారం. కోపం ఆ తర్వాత.

కాగితం మీద అరవరాదా? గీ అక్షరాలు సూడు, ఎంత పెద్దగ రాస్తున్ననో! నేనేం పొయ్యలే! ఆ డబ్బా మూత మీద ఏలు కూడ పెట్టలే. పెడితే నువ్వు బతకనిస్తవా? మాహూర్ గుడికి పోయి అచ్చినం, బండిని కడిగి పంపిన. గంతే. దానికి నా మీద కేసా?

పాత బండ్ల స్టీరింగుకు ఎర్ర నూనె పోస్తరట. ఆటోమేటిక్ గేరు బండ్లల్ల పోసేదే. మా దుకాణం పక్క బండ్ల మేస్త్రి చెప్పిండు. పంపుతున్న, పొయ్యి.

ఇంకో మాట. బండికి ఇరవై ఒక్క ఏండ్లు. కుండల్‌వాడిల ఒకాయన పాత బండ్లు కొని, విడగొట్టి అమ్ముతడు. శనివారం నాందేడ్ అస్తడు. కాగితాలు ఎట్లాగూ నా పేరు మీదనే ఉన్నయి. రోజుకో రోగం తెచ్చుకునే బండి మనకెందుకు చెప్పు?

నీ తమ్ముడు,
హన్మంతు.

తా.క.: సీసా తిరిగి రావాలంటివి. అచ్చింది సూస్కో. నూనె దాంట్లనే పోసిన.

*

నాందేడ్,
మంగళవారం.

చిరంజీవి హన్మంతుకు,

అక్క దీవెనలు. ఈసారికి సగం.

సీసా అందింది. వత్సల రొట్టె మీద వేసుకోబోయి, వాసన చూసి ఆగింది.

నాగేశ్వర్ మేస్త్రిని పిలిపించాను. “తాయి, కొన్ని పాత బండ్లకు ఎర్రదే. కొన్నిటికి వేరే ఉంటది. రంగు సూసి పొయ్యొద్దు. తప్పుది పడితే లోపల రబ్బర్లు ఖరాబైతయి, పంపు పోతది. కంపెనీవోళ్లు ఏం రాసిన్రో సూడాలె. బండి పుస్తకం ఏది?” అన్నాడు. పుస్తకం కారులో లేదు. నువ్వే తీసుకుని ఉంటావు.

మూత తుడిచి చూస్తానని ఆయన జేబులోంచి నల్లటి గుడ్డ తీశాడు. వద్దన్నాను. కారు కొన్న రోజు నాన్న నాకు ఆ డబ్బానే చూపించి, “వత్సల చేతి బలం దీంట్ల ఉన్నది బిడ్డా” అన్నాడు. ఆ సంవత్సరం నుంచి ప్రతి దసరాకూ పసుపు కుంకుమలు ఆ మూత మీదే పెడుతున్నాను. గ్రీజు గుడ్డ దాని మీద పడనివ్వను. అంచులు పట్టుకుని విప్పమన్నాను, విప్పాడు. నూనె అడుగున కొంచెమే ఉంది. కాటుకలా ఉంది. నాకు ఎర్రది పంపినవాడివి, కారులో నల్లది ఎందుకు పోశావు?

వత్సల బలాన్ని విడగొట్టి అమ్మే మనిషి మన గేటు దాటి రాకూడదు.

అక్క.

తా.క.: మేస్త్రి కూడా నీ సీసా వాసన చూశాడు. “బండికి పనికిరాదు తాయి, రొట్టె ఉంటే తేండ్రి” అన్నాడు.

*

భోకర్,
బుధవారం.

అక్కా, నమస్కారం. గది సాలు.

నల్లగ ఉన్నదా? ఇప్పుడు సమజైంది! నీ నాగేశ్వరే ఇంజన్ నూనె పోసి నా మీదికి నూకుతుండు! నువ్వేమో ఆయనకు రొట్టెలు పెడుతున్నవు!

పుస్తకం నేను తీసుకున్ననా? ఇంటర్‌ల ఉన్నప్పుడే నేను పుస్తకం ముట్టలే, ఇప్పుడు ముడుతనా? నువ్వే ఎర్రగుడ్డల కట్టి దేవుని గూట్ల పెట్టినవు. నా కండ్లతోని సూసిన.

భోకర్‌ల ముగ్గురిని అడిగిన. ఒకడు ఎర్రది అన్నడు. ఒకడు పచ్చది అన్నడు. ఇంకొకడు, “బ్రేక్ ఆయిల్ పొయ్యిండ్రి సేట్, అన్నీ ఒక్కటే” అన్నడు. ఎవ్వరి మాట తీసెయ్యలే. మూడూ పంపుతున్న. జెర జెర పొయ్యి, ఏదో ఒకటి తగుల్తది.

తగలకపోతే శనివారం ఆయన అస్తడు. వత్సలకు నెలకు ఆటో మాట్లాడుదాం. దాంట్ల నామోషీ ఏమున్నది?

హన్మంతు.

తా.క.: ఆ మూతకు చేసిన పూజలు నాకు చేసి ఉంటే ఈపాటికి నేను ఎమ్మెల్యే అయితుంటి.

*

నాందేడ్,
గురువారం.

హన్మంతుకు,

నాకు కోపం లేదు. ఈ పొద్దున జపం నూట ఎనిమిది దాటి ఎక్కడికో పోయింది. అది నీ వల్ల.

బ్రేక్ ఆయిల్ డబ్బా చూసి మేస్త్రి రెండు చెవులూ పట్టుకున్నాడు. “గిది పోస్తే స్టీరింగు రబ్బర్లన్నీ నాశనం. బండిని సంపెతందుకే పంపిండా తాయి?” అన్నాడు. నేనూ అదే అడుగుతున్నాను. చచ్చిన బండిని అమ్మడం తేలిక అనుకున్నావా? నీ మూడు డబ్బాలూ మూతలు తీయకుండా అరుగు మీద పెట్టించాను.

ఆటోలో నామోషీ ఏముందని రాశావు. వత్సలను అడిగాను. పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతోంది. పెన్ను ఆపి అంది: “నామోషీ ఏం లేదక్కా. ఆటోల అయితే నన్ను ఎవరో తీస్కపోతరు. కార్ల నేనే పోత.” మళ్లీ దిద్దుకుంది.

ఈ మాట అది నీకు చెప్పదు. అందుకే రాశాను.

అక్క.

తా.క.: దేవుని గూట్లో ఎర్రగుడ్డ విప్పి చూశాను. నువ్వు చెప్పింది నిజమే, పుస్తకం ఉంది. కారుది కాదు, మిక్సీది. ఇరవై ఒక్క ఏళ్లుగా దానికి పూలు పెడుతున్నాను. ఈ సంగతి నీ భార్య వర్షకు చెప్పకు.

*

భోకర్,
శుక్రవారం.

అక్కా,

వత్సల మాట సదివిన. మళ్ల సదివిన.

కని ఆయనకు మాట ఇచ్చిన. ఎట్ల కాదనాలె? నేను రాలేను, దుకాణం ముందట సోయాబీన్ బండ్లు లైన్ కట్టినయి. ఆయన పదింటికి అస్తడు. అప్పటికి స్టీరింగు తిరిగితే బండి మీది. తిరగకపోతే ఇచ్చెయ్యాలె. ఇగ నన్నేం అనొద్దు.

బండిని సంపుతనా నేను? నాన్న కొన్న బండిని? గా మాటకు నాకు రోషం అచ్చింది. రాసి పెడుతున్న.

హన్మంతు.

తా.క.: వర్షకు చెప్పలే. ఉత్తరం ఆమెనే ముందు సదివింది.

*

నాందేడ్,
శనివారం, దీపాలు పెట్టాక.

చిరంజీవి హన్మంతుకు,

అక్క దీవెనలు. మొన్న తగ్గించిన సగం కూడా కలిపి.

కుండల్‌వాడి మనిషి పదింటికి వచ్చాడు. నాగేశ్వర్ అప్పటికే ఉన్నాడు. బానెట్ ఎత్తారు. ఆ మనిషి డబ్బా మూత చూసి, చెప్పులు విడిచి దండం పెట్టి, “ఏ దేవుడు తాయి?” అని అడిగాడు. నేను చెప్పేలోగా వత్సల చెంబుతో నీళ్లు, కొబ్బరి పీచు తెచ్చింది.

“వత్సలా, వద్దు,” అన్నాను.

“అక్కా, దేవునికైనా కొత్త బొట్టు పెట్టే ముందు స్నానం చేపిస్తరు గద,” అంది.

నేను పక్కకు జరిగాను. అది కుడి చేత్తో రుద్దింది. ఇరవై ఒక్క దసరాలు పొరలు పొరలుగా ఊడి వచ్చాయి. కింద అక్షరాలు. కంపెనీవాళ్లు మూత మీదే అచ్చు పోసి పెట్టారు, ఇంగ్లీషులో: ఏ.టి.ఎఫ్. మాత్రమే వాడాలి.

మేస్త్రి చదివాడు. నా వైపు చూడలేదు. మర్యాద తెలిసినవాడు.

“అంటే ఏ నూనె?” అన్నాను.

“ఎర్రదే తాయి. హన్మంతు సేట్ మొదట పంపిందే.”

నల్లగా ఎందుకుందో కూడా చెప్పాడు. ఎవరూ ఏమీ పోయలేదు. కారుతో వచ్చిన నూనే ఇన్నేళ్లూ ఉంది. ఒక గొట్టం దగ్గర కొద్దికొద్దిగా కారి తగ్గింది. తగ్గిందని ఎవరూ చూడలేదు. చూడాలంటే మూత విప్పాలి. ఆ మూతకు కాపలా కాసింది నేను.

నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నాను. బ్రేక్ ఆయిల్ గురించి అన్నవి తీసుకోను.

గొట్టం మార్చాడు. పాత నూనె అంతా తీసేసి, నువ్వు తర్వాత పంపిన డబ్బాల్లోంచి ఎర్రది పోశాడు. తొక్కు సీసాలోది కాదు. వత్సల కూర్చుని స్టీరింగును ఒక్క వేలితో తిప్పింది. గేటు దాటి, వీధి చివర మలుపు తిప్పుకుని, హారన్ కొడుతూ వచ్చింది. ఎదురుగా ఎవరూ లేరు. ఊరికే కొట్టింది. కుండల్‌వాడి మనిషి చాయ్ తాగి, “ఈ బండిల నాకు పని లేదు,” అని బస్సెక్కాడు. నీ మాట పోలేదు.

సాయంత్రం నేను, వత్సల కూర్చున్నాం. వర్ష ఫోనులో ఉంది. కారు అమ్మేది లేదు. కాగితాలు వత్సల పేరు మీదికి మారాలి. సంతకానికి నువ్వు గురువారం వస్తావని నీ భార్యే చెప్పింది, సోయాబీన్ తను చూసుకుంటుందట. రెండేళ్లకోసారి నూనె మార్పించాలని నాగేశ్వర్ అన్నది ఒప్పుకున్నాం. వచ్చే దసరా నుంచి బొట్టు బానెట్ మీద పెట్టాలని, మూత జోలికి పోకూడదని వత్సల అంది. నేను తల ఊపాను. నీ ఫోను మళ్లీ ఎత్తడానికి కూడా ఊపాను, కానీ జపం అయ్యాకే.

ఇట్లు,
అక్క.

తా.క.: కారు పుస్తకం దొరికింది. అటక మీద, మిక్సీ అట్టపెట్టెలో ఉంది. మిక్సీ పుస్తకాన్ని మాత్రం గూట్లోంచి తీయకూడదని ముగ్గురం తీర్మానించాం. ఇరవై ఒక్క ఏళ్లలో ఆ మిక్సీ ఒక్కసారి కూడా చెడలేదు.