మా చెల్లెలి ముక్కు ఏ డాక్టరూ చెయ్యలేదు

ప్రకటన బోర్డుల అధికారి గారికి,
సాన్ ఎలాదియో పురపాలక సంఘం.

అయ్యా,

విషయం: బస్టాండు ఎదుటి క్లినిక్ బోర్డు మీద నుంచి నా చెల్లెలు యురానీ ముఖాన్ని తక్షణమే తొలగించుట గురించి.

ఎగువపేటలో కాపురముంటున్న ఎడిల్సన్ కరబాలీ అను నేను, వయసు ఇరవై రెండు, చదువు ఏడుతో ఆపేసినవాడిని, విన్నవించుకునేది ఏమనగా:

1. బోర్డులకు కాగితాలు అంటించడం నా పని. సదరు బోర్డు అంటించింది కూడా నేనే. దాచను. పెద్ద బొమ్మ పన్నెండు ముక్కలుగా వస్తుంది. నిచ్చెనెక్కి బోర్డుకి ముఖం ఆనించి పనిచేసేవాడికి కనిపించేది గోధుమరంగు కాగితం, అంతే. కిందికి దిగి, రోడ్డు దాటి తలెత్తితే మా చెల్లెలు! ఎడమ పక్క ఎవరో పెద్దావిడ, కింద 'ముందు'. కుడి పక్క మా యురానీ, కింద 'తరవాత'. పైన 'సహజమైన అందం, ఒక్క గంటలో!' అని. ఆ ఫోటో నిరుడు ఒక సెలూన్ వాళ్ళ ప్రకటన కాగితం కోసం తీసింది. క్లినిక్‌కి ఎలా చేరిందో బోర్డు అచ్చేసిన ప్రెస్సు వాళ్ళు చెప్పరు.

2. యురానీ ఈ ఏడు మా పేట తరఫున సహజ సుందరి పోటీకి నిలబడింది. డాక్టరు కత్తి పడిన ముఖాలకు ప్రవేశం లేదని నిబంధన. బోర్డు చూసి కమిటీ వాళ్ళు పేరు కొట్టేశారు. రుజువు కోసం మా అమ్మను తీసుకెళ్ళాను. అదే ముక్కు, అచ్చు గుద్దినట్టు. కమిటీ పెద్ద దోన్ ఎలియేసర్ ఇద్దర్నీ చూసి, "ఏమ్మా, తల్లీకూతుళ్ళిద్దరికీ కలిపి రేటు తగ్గించారా?" అన్నాడు. "మా అమ్మ ముక్కు కూడా చూస్తావా? సమాధి తవ్వుకో పో!" అంది మా అమ్మ. అది కూడా పుస్తకంలో రాసుకున్నారు. బోర్డు తప్పని తమరి ముద్రతో కాగితం తెస్తే పేరు మళ్ళీ రాస్తారట.

3. తమ కార్యాలయానికి ఐదుసార్లు వచ్చాను. బొమ్మలో ఉన్న మనిషే రావాలన్నారు. యురానీని తెచ్చాను. కౌంటర్లో మేడమ్ తేరిపార చూసి, గొంతు తగ్గించి, "మచ్చ కూడా లేదే! నొప్పి పుట్టిందా తల్లీ?" అని అడిగారు. అర్జీ మాత్రం తీసుకోలేదు.

4. క్లినిక్‌లో, "మా దగ్గర చేయించుకోలేదని రుజువేమిటి?" అన్నారు. చేయించుకోని ఆపరేషన్‌కి రసీదు ఎక్కడి నుంచి తేవాలి సార్? కుర్చీ తన్నాను. నిజమే. కుర్చీ విరగలేదు. అప్పుడు మేనేజరు యురానీని పక్కకు పిలిచి, "గొడవెందుకమ్మా, మేమే చేశామని సంతకం పెట్టు. ముఖంలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆపరేషన్ ఊరికే చేసేస్తాం" అన్నాడు.

5. 'ముందు' మనిషి కూడా దొరికింది. దోన్యా ఎనేయిదా, మార్కెట్లో మొక్కజొన్న రొట్టెలు అమ్ముతుంది. పులిపిరి తీస్తారేమోనని అడగడానికి వెళ్తే ఫోటో తీసి పంపించారట. ఆవిడ మా ఇంటికే వచ్చి యురానీ గడ్డం పట్టుకుని, "నేనేనటే నువ్వు? అయితే ఇవాళ మా ఆయనకి నువ్వే వండిపెట్టు" అని నవ్వింది. కాసేపటికి, "ఈ ముఖంతో ముప్ఫై ఏళ్ళు రొట్టెలమ్మాను. నీ ముఖం బాగోలేదని ఒక్కడైనా రొట్టె వెనక్కిచ్చాడా?" అని ఏడ్చింది. అమ్మ ఆవిడని కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

కావున తమరు ఇద్దరినీ పిలిపించి, పక్కపక్కన నిలబెట్టి, ఒక్కసారి చూడవలెను. వీళ్ళు ఇద్దరు మనుషులని తెలియడానికి డాక్టరు అక్కర్లేదు. చూసి, బోర్డు దింపించి, ముద్ర వేసిన కాగితం ఇప్పించగలరు.

ఈసారైనా పక్కన పడెయ్యకుండా చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఇంకొన్నాళ్ళ వరకు,
ఎడిల్సన్ కరబాలీ

తాజా కలం: ఈ కాగితం మడతపెడుతుంటే యురానీ వచ్చి కూర్చుంది. "ఎలాగూ అందరూ చేయించుకున్నావనే అంటున్నారు కదన్నయ్యా. చేయించేసుకుంటాను. అప్పుడైనా అబద్ధాలకోరునని అనరు" అంది. ముక్కు మీద చెయ్యి పెట్టుకునే అంది. నేను అరిచాను, అమ్మ అరిచింది. అది మాత్రం అరవలేదు. సోమవారం ఉదయం ఎనిమిదింటికి క్లినిక్‌కి రమ్మన్నారట. మీ ఆఫీసు తెరిచేది తొమ్మిదింటికి. మీ కాళ్ళు పట్టుకుంటాను సార్, ఆ ఒక్కరోజు కాస్త ముందు రండి.