బోల్టుకు అవతలి వైపు

వదినగారికి,

ఎదురుగా చెప్పే మొహం లేక రాస్తున్నాను.

మొన్న గేరు సైకిలు తెచ్చిన నర్సుగారితో, దానికి వేరే కంపెనీ గేరు లివరు కుదరదని నేనే తెగేసి చెప్పాను. లివరు కేబులును సరిపడా లాగక చైను రెండు పళ్లచక్రాల మధ్యే గింజుకునేది. నాకు అన్నం క్యారేజీ ఇవ్వడానికి వచ్చిన మీరు, కుట్టుమిషన్లు బాగుచేసే మీరు, ఆ కేబులునే వెనక గేరు దగ్గరి బోల్టుకు అవతలి వైపు బిగించారు. తొమ్మిది గేర్లూ టకటకా పడ్డాయి! ఇరవయ్యేళ్లుగా స్పానరు పట్టినవాణ్ణి, నోరెళ్లబెట్టాను.

మర్నాడు నర్సుగారు "మీ చేతిలో ఏదో ఉందండీ" అంటే మాత్రం నవ్వి ఊరుకున్నాను.

ఇవాళ ఆవిడ తోటి నర్సులవి అలాంటివే మూడు సైకిళ్లు తెచ్చింది. మీలాగే కేబులు అవతలి వైపు బిగించి ఎంత కుస్తీ పట్టినా ఒక్కటీ లొంగలేదు. "ఆ చెయ్యి మా వదినది" అని ఒప్పేసుకున్నాను.

"తెలుసులెండి. కేబులు కొస చీలకుండా ఎర్రదారం చుట్టింది మీరు కాదుగా!" అంది.

రేపు కొట్టుకు రండి వదినా. దారం మరిచిపోకండి.

మీ మరిది