కొత్తదే కొన్నాను

ఏమండీ, నేను బాగానే ఉన్నాను, బెంగపడకండి.

ఇవాళ ఆసుపత్రిలో డ్యూటీ దిగి, పాప కాలేజీ చదువుకని ల్యాప్‌టాప్ చూడ్డానికి వెళ్లాను. "చదువుకే అయితే బాగుచేసిన పాతది చాలమ్మా. బ్యాటరీ కొత్తది వేశాం, నిక్షేపంలా పనిచేస్తుంది" అన్నాడు కొట్టతను. నాకూ నచ్చింది. తీసుకుందామనుకుంటూనే, ఒకసారి కెమెరా పెట్టమన్నాను. నా మొహం నాకే ఆవిరి పట్టిన అద్దంలోలా కనబడింది. పక్కనున్న కొత్తదాంట్లో చెంప మీది పుట్టుమచ్చ కూడా తెలిసింది.

"చదువుకోడానికి కెమెరాతో ఏం పనమ్మా?" అని నవ్వాడు.

"పిల్లకి లేదు బాబూ, పనంతా నాకే" అన్నాను. కొత్తదే కొని, అక్కడినుంచే మీకు పంపించేశాను.

అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కుళాయి ఇంకా కారుతూనే ఉందా? పాప పొడుగైందని రాశారు, మీ భుజం దాటిందా? దానికి నా ముద్దులు, అత్తయ్యగారికి నమస్కారాలు.

పెట్టె అందగానే పాపను కిటికీ దగ్గర, మొహాన వెలుగు పడేలా కూర్చోబెట్టండి. కుట్టుపని ఉందంటూ మీరు తప్పించుకోవద్దు, వెనకాలే నిలబడండి. ఏమీ మాట్లాడకపోయినా సరే, నా కరువు తీరేదాకా ఇద్దరూ కదలకండి.

మీ నర్సమ్మ